రెండు సూర్యాలయాలు, రెండు నగరాలు

ఆదివారం తెల్లవారకముందే ఉద్దానం పల్లెలలో కదలిక మొదలవుతుంది. పలాస, టెక్కలి, కోటబొమ్మాళి, హరిశ్చంద్రపురం ప్రాంతాల నుండి దక్షిణంగా పోయే బండ్లలోను, బస్సులలోను అరసవల్లి యాత్రికులు కనిపిస్తారు. ఆరోగ్యాన్ని భాస్కరుని అడగవలెనని పెద్దల మాట. కంటిచూపు కోసం మొక్కుకొన్న ముదుసలి, బిడ్డకు తలనీలాలు తీయించదలచిన తల్లి, పరీక్షలకు ముందు దణ్ణం పెట్టుకొని రావలెననుకొన్న విద్యార్థి, అందరిదీ ఒకే దారి. వారు శ్రీకాకుళం పట్టణం దాటి రెండు కిలోమీటర్లు పోయినచో సూర్యనారాయణస్వామి గుడి చేరుతారు. పట్టణంలో 1641 నాటి జామియా మసీదును, నాగావళి ఒడ్డున డచ్చివారి పేరుతో పిలువబడే పాత భవనాన్ని చూచినవారు కొందరుంటారు. ఈ మూడింటి మధ్య సంబంధమేమిటని అడిగేవారు మాత్రం అరుదు.

ఆ సంబంధాన్ని గ్రహించుటకు భూగోళం ఆవలి వైపున ఉన్న మరొక సూర్యనగరాన్ని ఒకసారి చూచి రావడం మంచిది. అది దక్షిణ అమెరికాలో, పెరూ దేశంలో, ఆండీసు పర్వతాల నడుమ సముద్రమట్టానికి సుమారు పదకొండు వేల అడుగుల ఎత్తున ఉన్న కుస్కో నగరం. అక్కడ కూడ ఒక సూర్యాలయమున్నది. అక్కడ కూడ పరదేశీయులు వచ్చి రాజ్యమేలినారు. కాని ఆ సూర్యాలయానికి జరిగినది వేరు, అరసవల్లికి జరిగినది వేరు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూచినప్పుడే మన ఊరి చరిత్ర మనకు స్పష్టంగా కనిపిస్తుంది.

కుస్కో: గోడ మీద గోడ

కుస్కో ఇంకాల రాజధాని. సూర్యుని వారు ఇంతి అని పిలిచేవారు. తమ చక్రవర్తి ఆ సూర్యుని బిడ్డయని వారి విశ్వాసం. సూర్యవంశ రాజుల కథలు విని పెరిగిన మనకు ఇది వింతగా తోచదు. నగరం నడుమ వారు కట్టిన సూర్యాలయం పేరు కోరికాంచ, అనగా బంగారు ఆవరణ. దాని గోడలకు బంగారు రేకులు తాపినారు. బంగారం కంటె ఆశ్చర్యకరమైనది ఆ గోడల పనితనం. సున్నం గాని మరి ఏ అడుసు గాని లేకుండ, రాయికి రాయిని చెక్కి, నడుమ కత్తిమొన కూడ దూరనంత బిగువుగా పేర్చినారు. గోడలు పైకి పోయినకొద్ది లోపలికి వాలి ఉంటాయి. గుమ్మాలు అడుగున వెడల్పుగా, పైన ఇరుకుగా ఉంటాయి. ఆ పర్వతసీమలో భూకంపాలు తరచు వస్తాయి గనుక, ఆ వాలులో అందంతోపాటు తరతరాల అనుభవం కూడ ఇమిడి ఉన్నది.

1532 నవంబరులో స్పెయిను సాహసికుడు ఫ్రాన్సిస్కో పిజారో కొద్దిపాటి సైన్యంతో వచ్చి ఇంకా చక్రవర్తి అతహువాల్పాను బంధించినాడు. విడుదలకు వెలగా చక్రవర్తి గదినిండ బంగారం ఇప్పించినాడు. ఆ బంగారంలో కోరికాంచ గోడల నుండి ఊడబెరికిన రేకులు కూడ ఉన్నవి. వెల పుచ్చుకొని కూడ పిజారో 1533లో ఆయనను చంపించినాడు. ఆ ఏడాది నవంబరులో స్పెయినువారు కుస్కోలో ప్రవేశించినారు. 1534 మార్చి 23న ఆ ప్రాచీన నగరాన్ని తమ నగరంగా కొత్తగా "స్థాపించినారు". వందల ఏండ్లుగా జనం నివసిస్తున్న ఊరిని మరల స్థాపించడమంటే అర్థమేమి? పాత పేరును, పాత హక్కును కొట్టివేసి కొత్త లెక్క ప్రారంభించడమే.

ఊరి ఇళ్ళను విజేతలు పంచుకొన్నప్పుడు సూర్యాలయం పిజారో తమ్ముడు హువాన్ వాటాకు వచ్చినది. అతని నుండి అది డొమినికన్ సన్న్యాసుల వశమైనది. వారు ఆ గోడలను పునాదిగా చేసికొని దాని మీద శాంతో దొమింగో చర్చిని లేపినారు. ప్రధాన కూడలిలో, ఇంకా రాజు వీరకోచా నగరు ఉన్నదని చెప్పే స్థలంలో, 1560లో పెద్ద కెథెడ్రలు మొదలైనది. ఊరి పైనున్న సక్సాయ్‌వమాన్ కోట రాళ్ళు దానికి దొరలించినారు. నూరేండ్లకు దరిదాపుగా, 1654లో ఆ పని ముగిసినది. రాళ్ళు మోసినవారు, చెక్కినవారు ఇంకాల సంతతివారే. ఇంతి రాయ్మి అనే సూర్యోత్సవాన్ని 1572లో నిషేధించినారు.

అయినను ఓడినవాని చేయి ఊరకుండలేదు. ఆ కెథెడ్రలులో మార్కోస్ సపాతా అనే దేశీయ చిత్రకారుడు 18వ శతాబ్దం నడుమ క్రీస్తు కడపటి విందును చిత్రించినాడు. బల్ల మీద నడిమి పళ్ళెంలో ఉన్నది ఆండీసు పల్లెవాసులు పండుగనాడు తినే గినీపంది. కథ పాలస్తీనాది, పద్ధతి స్పెయినుది, వంట మాత్రం కుస్కోది.

1950 మే 21న కుస్కోలో పెద్ద భూకంపం వచ్చినది. శాంతో దొమింగో చర్చి చాలవరకు కూలిపోయినది. దాని పొట్టలో నాలుగు వందల ఏండ్లు దాగియున్న కోరికాంచ గోడలు చెక్కుచెదరక నిలిచినవి. మరమ్మతు చేసినప్పుడు ఆ గోడలను మరల కప్పివేయక కనబడునట్లు విడిచిపెట్టినారు. నేడు యాత్రికుడు ఒకే ప్రాంగణంలో నిలిచి విజేతను, విజితుని ఒక్క చూపులో చూడవచ్చును.

శ్రీకాకుళం: గోడ పక్కన గోడ

ఆ భూకంపం వచ్చిన మూడు మాసాలలోపున, 1950 ఆగస్టు 15న, విశాఖపట్టణం జిల్లా నుండి విడివడి శ్రీకాకుళం జిల్లా ఏర్పడినది. పాత రాజధాని మరల ఒక జిల్లాకు ముఖ్యపట్టణమైనది. నడుమ ఆ ఊరు ఎన్ని చేతులు మారినదో లెక్కించినచో ఆశ్చర్యం కలుగుతుంది.

తొలుత ఇది కళింగ గాంగుల సీమ. వారి రాజధాని కళింగనగరం. వంశధార ఒడ్డున ఉన్న నేటి శ్రీముఖలింగమే అది. అరసవల్లి ఆలయాన్ని 7వ శతాబ్దంలో గాంగరాజు దేవేంద్రవర్మ కట్టించినాడని ప్రతీతి. గాంగుల వెనుక గజపతులు, గజపతుల వెనుక గోల్కొండ కుతుబ్‌షాహీలు వచ్చినారు. అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో ఇక్కడ ఫౌజుదారైన షేర్ మహమ్మదుఖాను 1641లో జామియా మసీదు కట్టించినాడు. శ్రీకాకుళానికి గుల్షనాబాదు, అనగా పూలతోట ఊరు అనే పేరు కూడ వ్యవహారంలోనికి వచ్చినది. 1687లో గోల్కొండ పతనంతో ఇది మొగలాయీల చేతికి, 1724 తరువాత నిజాము చేతికి పోయినది. ఉత్తర సర్కారులు అయిదింటిలో ఉత్తరపు కొసనున్న సర్కారుకు ఇదే కేంద్రం. ఇంగ్లీషు కాగితాలలో దీని పేరు చికాకోల్.

1753లో నిజాము సలాబత్‌జంగు ఈ సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి సైన్యం ఖర్చుల కింద వ్రాసి ఇచ్చినాడు. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివారు ఇంగ్లీషువారికి, విజయనగరం రాజుకు ఓడిపోయినారు. 1765లో క్లైవు మొగలు పాదుషా నుండి ఫర్మానా సంపాదించినాడు. 1766లో నిజాముతో ఒడంబడిక కుదిరినది. ఇట్లు, వంశధార నాగావళుల నడుమ నాగలి పట్టిన రైతుకు తెలియకుండనే అతని నేల ఒకరి చేతి నుండి మరొకరి చేతికి కాగితాల మీద మారిపోయినది.

ఇన్ని మార్పులలో ఆలయాలకు ఏమి జరిగినది? కుస్కోలో వలె ఇక్కడ కూడ విజేత చేయి దేవుని ఇంటి మీద పడకపోలేదు. ఫౌజుదారుల దండయాత్రల కాలంలో అరసవల్లి ఆలయం దెబ్బతిన్నదని, మూలవిగ్రహాన్ని కాపాడుటకు ఒక పండితుడు దానిని బావిలో దాచినాడని స్థానిక చరిత్ర చెబుతుంది. తరువాత ఎలమంచిలి పుల్లాజీ పంతులు అనే ఆయన విగ్రహాన్ని వెలికితీయించి, 1778లో గుడిని తిరిగి కట్టించినాడని ఆ కథనమే చెబుతుంది. నేడు కనిపించే కట్టడంలో అధికభాగం ఆ 18వ శతాబ్దపు పునర్నిర్మాణమే. శ్రీకూర్మంలో కూడ ఇటువంటి కథ ఉన్నది. దండు వస్తున్నదని విని భక్తులు గుడికంతకు సున్నం మెత్తి, దూరానికి గుట్ట వలె కనిపించునట్లు చేసినారట.

ఈ కథలలో ఏ పాలెంత చరిత్రయో, ఏ పాలెంత స్మృతియో విడదీయడం కష్టం. విడదీయకున్నను ఒక సంగతి నిశ్చయం. కుస్కోలో గుడి మీద చర్చి నిలిచినది. శ్రీకాకుళంలో అరసవల్లి గుడి తన చోటనే మరల నిలిచినది, మసీదు తన చోట నిలిచియున్నది. మూడు వందల ఎనభై ఏండ్లుగా ఆ మసీదులో నమాజు జరుగుతున్నది. అరసవల్లిలో అరుణుడు పగ్గాలు పట్టగా ఏడు గుర్రాల రథం మీద నల్లరాతి సూర్యుడు పూజలందుకొంటున్నాడు. మార్చి రెండవ వారంలోను, అక్టోబరు మొదటి దినాలలోను ఉదయకిరణాలు గుమ్మాలన్నీ దాటి స్వామి పాదాలను తాకుతాయి. నమాజు చేసేవారి ముఖం పడమటికి, అరసవల్లి దేవుని ముఖం తూర్పుకు. శ్రీకూర్మనాథుడో, విష్ణ్వాలయాలలో అరుదైన రీతిని పడమటి ముఖంగానే వెలసినాడు. అందువలన ఆ గుడికి తూర్పున ఒకటి, పడమట ఒకటి, రెండు ధ్వజస్తంభాలు. ఇన్ని దిక్కుల ప్రార్థనలు పదిహేను కిలోమీటర్ల లోపలనే ఇమిడియున్నవి.

కంపెనీవారు కట్టినది

ఇంగ్లీషువారి సంగతి ఈ రెండు రీతులకు భిన్నం. పిజారోతో కూడ వచ్చిన వల్వెర్దే అనే సన్న్యాసి కుస్కోకు మొదటి బిషపు అయినాడు. కత్తి, శిలువ ఒకే ఓడలో వచ్చినవి. ఈస్టిండియా కంపెనీ అట్లు రాలేదు. అది వ్యాపార సంస్థ. మత ప్రచారం వలన రైతు కదిలిపోతాడని, శిస్తు తగ్గుతుందని దాని భయం. 1813 చార్టరు చట్టం వరకు మిషనరీలను అది తన ఏలుబడిలోనికి మనస్ఫూర్తిగా రానీయలేదు. లండను మిషను వారు 1805లో విశాఖపట్టణం చేరి తెలుగు నేర్చి సువార్తలను తెనిగించసాగినారు. శ్రీకాకుళం ప్రాంతంలో కెనడా బాప్టిస్టులు పాఠశాలలు, ఆసుపత్రులు, ప్రార్థనామందిరాలు నెలకొల్పినది 19వ శతాబ్దం చివరి పాదంలోనే. వారు ఏ గుడి గోడ మీదను తమ గోడ లేపలేదు.

కంపెనీ గుడులను కూల్చలేదు, కట్టలేదు. లెక్కలలోనికి ఎక్కించుకొన్నది. మద్రాసు ప్రభుత్వం 1817లో చేసిన 7వ రెగ్యులేషను ప్రకారం దేవాలయాల, మసీదుల ధర్మాదాయాలపై రెవిన్యూ బోర్డుకు పర్యవేక్షణ కలిగినది. దీపారాధన మాన్యాలు, నిత్యనైవేద్యపు భూములు కలెక్టరు దఫ్తరులో పద్దులైనవి. క్రైస్తవ దొరలు హిందూ దేవాలయాల ఆదాయవ్యయాలు చూడడమేమని ఇంగ్లండులో అలజడి లేచినది. క్రమంగా ప్రభుత్వం తప్పుకొని 1863 చట్టంతో ఆ బాధ్యతను స్థానిక సంఘాలకు అప్పగించినది. కుస్కోలో విజేత నిలిపినది కెథెడ్రలు. శ్రీకాకుళంలో కంపెనీ నిలిపినది కచ్చేరి. గంజాం పట్టణంలో జ్వరాలు ప్రబలినందున 1815లో అక్కడి నుండి తరలిన కలెక్టరు కచ్చేరి కొంతకాలం శ్రీకాకుళంలోనే నడచినది.

కచ్చేరి పాలన గుడిగోడలను ముట్టలేదు గాని ఊరి బ్రతుకును ముట్టినది. శ్రీకాకుళం సన్నని మస్లిను బట్టలకు ప్రసిద్ధి కెక్కిన ఊరు. మరమగ్గాల బట్ట వచ్చి ఆ నేతను మూలకు నెట్టినది. నౌపడా ఉప్పు మళ్ళలో పండిన ఉప్పు మీద సర్కారు గుత్త, ఉప్పు తిన్న ప్రతివాని మీద పన్ను. 1866 నాటి గొప్ప కరవులో గంజాం జిల్లా అంతా అలమటించినది. కుస్కో ప్రజలు తమ నష్టాన్ని గోడలో చూచుకొనగలరు. శ్రీకాకుళం ప్రజల నష్టానికి అటువంటి గోడ లేదు. దానిని పాత లెక్కలలో, ఆగిపోయిన మగ్గాలలో వెదకుకొనవలసియున్నది.

చదివినవారు ఇద్దరు

కట్టడం ఎంత దృఢమైనదైనను తన కథ తాను చెప్పుకొనలేదు. ఎవరో ఒకరు చదివి చెప్పవలె. కుస్కోకు అట్టి మనిషి గార్సిలాసో. ఆయన తండ్రి స్పెయిను దేశపు కప్తాను, తల్లి ఇంకా రాజకుమారి. 1539లో కుస్కోలో పుట్టి, తల్లి వైపు పెద్దలు కన్నీళ్ళతో చెప్పుకొనే పూర్వకథలు వింటూ పెరిగినాడు. ఇంకాలకు లిపి లేదు. త్రాళ్ళకు ముడులు వేసి లెక్కలు దాచుకొనేవారు. ముడులు విప్పి చెప్పగల పెద్దలు ఒకరొకరే పోతూ వచ్చినారు. గార్సిలాసో ముసలితనంలో, స్పెయినులో కూర్చుండి, విన్నదంతా గ్రంథస్థం చేసినాడు. 1609లో లిస్బను నగరంలో అచ్చయిన ఆ గ్రంథం లేకున్నచో కోరికాంచను గూర్చి లోకానికి తెలిసినది చాల తక్కువగా ఉండేది.

కళింగసీమ సమస్య దీనికి తలక్రిందు. ఇక్కడ లిపి ఉన్నది, శాసనాలు కొల్లలుగా ఉన్నవి. చదివేవారు లేకపోయినారు. శ్రీముఖలింగంలో ఇప్పచెట్టు మొదలులో శివుడు వెలసినాడని సవరలతో ముడిపడిన కథ చెప్పే మధుకేశ్వరాలయం, భీమేశ్వరాలయం, ఊరి మొదట ఒంటి శిఖరంతో నిలిచిన సోమేశ్వరాలయం కళింగ శిల్పానికి తలమానికాలు. అనంతవర్మ చోడగంగదేవుడు 12వ శతాబ్దంలో రాజధానిని కటకానికి మార్చినాడు. ఆ వెనుక కళింగనగరం పల్లెయై, తానెవరో తానే మరచిపోయినది. ప్రాచీన కళింగనగరం ఎక్కడిదని పండితులు పలు ఊళ్ళను పేర్కొన్నారు.

ఆ ప్రశ్నకు జవాబు వెదకినవారిలో ముందు నిలిచినవాడు ఒక బడిపంతులు. శ్రీముఖలింగానికి చేరువనున్న పర్వతాలపేటలో 1863లో పుట్టి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడైన గిడుగు వేంకటరామమూర్తి అతడు. ప్రాచీన లిపులు నేర్పే గురువు అక్కడ లేడు. పుస్తకాలు తెప్పించుకొని తనంత తాను లిపులు నేర్చి, శ్రీముఖలింగం గుడిగోడల మీది శాసనాలు కూడబలుక్కొని చదివినాడు. శ్రీముఖలింగమే కళింగనగరమని నిరూపించుటకు పూనుకొన్నాడు. తరువాతి కాలంలో సవర భాషకు నిఘంటువు, వ్యాకరణం కూర్చినవాడు, వాడుకభాష కోసం పోరాడినవాడు కూడ ఆయనే. ఆయన పుట్టినదినం ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఆ జీవితం బడిపంతులు ఉద్యోగంలో ఉండి, సెలవు దినాలలో గుడిగోడల ముందు నిలిచిన జీవితమని విద్యార్థులకు చెప్పవలె.

శ్రీముఖలింగం, శ్రీకూర్మం శాసనాలు దక్షిణ భారత శాసనాల 5వ సంపుటంలో 1925లో అచ్చుపడినవి. వాటిలో రాజుల విజయాలున్నవి. మధ్వాచార్యుల శిష్యుడు నరహరితీర్థులు కళింగ రాజ్యభారం వహిస్తూ 1281లో శ్రీకూర్మంలో యోగానంద నరసింహుని గుడి కట్టించిన సంగతి ఉన్నది. వీటికి మించి అఖండదీపాల కోసం చేసిన దానాల పట్టికలున్నవి. ఒక దీపం ఆరకుండ వెలుగుటకు ఇంత సొమ్ము, ఇన్ని పశువులు, ఇంత నెయ్యి అని ఎందరో తమ పేర్లు చెక్కించుకొన్నారు. వంశాలు మారినను గుడులు ఎట్లు నిలిచినవో ఈ పట్టికలు చెబుతాయి. శిఖరం రాజు కట్టించినాడు. దీపానికి నెయ్యి ఊరివారు పోసినారు.

నేడు ప్రమాదం ఫౌజుల వలన గాని భూకంపాల వలన గాని కాదు. భక్తి పేరుతో జరిగే మరమ్మతుల వలన. పాత స్తంభం మీద సున్నం, సున్నం మీద రంగు, రంగు మీద నున్నని పలకరాయి పడినచో ఏడు వందల ఏండ్ల అక్షరం మాయమవుతుంది. పాత మసీదుల, సమాధుల శిలాఫలకాలకు కూడ ఇదే గతి పట్టవచ్చును. అచ్చుపడిన శాసనం పుస్తకంలోనైనను బ్రతుకుతుంది. అచ్చుపడనిది రాతితోనే పోతుంది.

కుస్కోలో 1944 నుండి ఇంతి రాయ్మి ఉత్సవాన్ని మరల జరుపుకొంటున్నారు. ఏటా జూను 24న జనం సక్సాయ్‌వమాన్ కోట దగ్గర చేరి సూర్యునికి మొక్కుతారు. ఆ సాయంత్రమే వారిలో పలువురు చర్చికి కూడ పోతారు. ఎవరినీ వెలివేయకుండ తమ గతాన్ని తాము చదువుకొనే ఓర్పును వారు సంపాదించుకొన్నారు. మన జిల్లాకు ఆ ఓర్పు కొత్త కాదు.

వచ్చే ఆదివారం అరసవల్లికి పోయే విద్యార్థి ఒక నోటుపుస్తకం వెంట తీసికొని పోవలె. దర్శనమైన పిదప పట్టణంలో మసీదు చూచి, వీలైనచో శ్రీకూర్మం దాకా పోయి, మండపంలో ఒక స్తంభం ముందు నిలువవలె. మొదట అవి గీతల వలె తోచును. ఉపాధ్యాయుడు పక్కన నిలిచి ఒక అక్షరం చూపినచో రెండవది తానే కనిపిస్తుంది. పర్లాకిమిడి పంతులు కూడ అట్లే మొదలుపెట్టినాడు.